స్టీరింగ్ మనది, లారీ ఎవరిది?
కౌలు లారీ ఎక్కే ముందు డ్రైవరన్నలు, వాళ్లకు జమానతు నిలబడే ఉద్యోగులు తెలుసుకోవాల్సిన ముచ్చట

రైస్ మిల్లు గేటు ముందట గానీ, బొగ్గు లోడింగ్ కోసం బండ్లు వరుస కట్టిన కాడ గానీ, లారీ నీడకు సంచి పట్టాలు పరుచుకుని కూర్చున్న డ్రైవర్ల నడుమ పది నిమిషాలు నిలబడి చూడండి. ఒక ముచ్చట తప్పకుండా చెవిన పడుతుంది. "ఎన్నేండ్లని ఒకని బండి నడుపుతవే? నువ్వు గూడ ఒక బండి తీసుకోరాదు?" అడిగినాయన నవ్వుతాడు. విన్నాయన నవ్వడు. రాత్రంతా స్టీరింగ్ పట్టుకుని అదే ఆలోచిస్తాడు.

ఆ ఆలోచన మీదనే ఇయ్యాల ఒక పెద్ద వ్యాపారం నడుస్తున్నది. "పెట్టుబడి లేదని రంది పడకు. బండి మేమే ఇస్తం. నెలకింత కట్టు. లోడు గూడ మా కంపెనీదే. నాలుగైదేండ్లు కట్టినవనుకో, బండి నీదే" అని ట్రాన్స్‌పోర్టు సేట్లు డ్రైవర్లను పిలిచి చెబుతున్నారు. లారీల కాడ దీన్ని ఒకరు అటాచ్ అంటారు, ఒకరు లీజు అంటారు, ఒకరు కిస్తీల మీద బండి అంటారు. హైదరాబాద్ నగరంలో యాప్ క్యాబుల కాడ ఇదే ముచ్చట రోజువారీ లీజు పేరుతో వచ్చింది. పేరు ఏదైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. డ్రైవరన్న జీతానికే ఉండాలా, బండిని కౌలుకు పట్టాలా?

మేం సూటిగా చెప్పదలుచుకున్నాం. ఇప్పుడున్న పద్ధతిలో, ఇప్పుడున్న కాగితాల మీద, కంపెనీ చేతిలోని బండిని కంపెనీ లోడుకే కౌలుకు పట్టడం డ్రైవర్‌కు ఉరితాడు. అట్లని జీతానికి ఉన్నోని బతుకు బాగున్నదని మేం అనడం లేదు. ఆ బతుకు ఎంత గోసో ముందు చెప్పుకున్న తర్వాతనే కౌలు సంగతికి వద్దాం.

జీతగాని గోస

జీతం డ్రైవర్‌కు నెల జీతం, ట్రిప్పు బత్తా ఉంటాయని పేరుకు చెబుతారు. నియామక పత్రం అడిగితే సేటు నవ్వుతాడు. చాలా చోట్ల లెక్క అంతా సేటు డైరీలోనే ఉంటుంది. టైరు పగిలితే డ్రైవర్ జీతంలో కోత, సరుకు తక్కువ తూగితే కోత, డీజిల్ ఎక్కువ తాగితే కోత. అన్‌లోడింగ్ కాడ రెండు దినాలు బండి ఆగితే ఆ రెండు దినాల బత్తా ఎవరిస్తారో తెలియదు. చెక్‌పోస్టు కాడ మామూళ్లకు రసీదు ఉండదు కాబట్టి ఆ పైసలు కూడా ఒక్కోసారి డ్రైవర్ నెత్తినే పడుతాయి.

చట్టం లేక కాదు ఈ గోస. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. అయిదుగురు కార్మికులున్న సంస్థకు అది వర్తించేది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని, 5 గంటలు వరుసగా పనిచేస్తే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని అందులో రాశారు. విజయవాడ నుంచి ముంబయి దాకా, హైదరాబాద్ నుంచి నాగపూర్ దాకా తోలిన డ్రైవర్లను అడగండి, ఆ 8 గంటల పని ఏ రోడ్డు మీద కనబడ్డదో. ఆ చట్టం 2025 నవంబర్ 21న వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. కొత్త కోడ్‌లో ఒక మంచి ఉన్నది, ఒక చెడు ఉన్నది. కార్మికునికి నియామక పత్రం ఇచ్చి తీరాలని రాసింది, అది మంచి. పాత చట్టానికి 5గురు ఉంటే చాలు, కొత్త కోడ్‌కు సాధారణంగా 10 మంది ఉండాలి, అది చెడు. నాలుగు లారీల సేటు కాడ పనిచేసే డ్రైవర్, క్లీనర్ ఇద్దరూ ఆ గీత అవతలనే మిగిలిపోయే ప్రమాదం ఉన్నది.

కాబట్టి "సొంత బండి" అన్న మాటకు డ్రైవర్ చెవి ఎందుకు నిక్కబొడుచుకుంటుందో మాకు తెలుసు. పైసల ఆశ ఒక్కటే కారణం కాదు, ఆత్మగౌరవం కూడా. "ఒరేయ్" అని పిలిపించుకోకుండా బతకాలన్న కోరిక అది. క్లీనర్‌గా మొదలుపెట్టి, జాకీ ఎత్తి, డ్రైవరై, సొంత బండి కొని, ఇయ్యాల పది మందికి పని ఇస్తున్నవాళ్లు మన ఊర్లలో ఉన్నారు. వాళ్లను చూసి ఆశపడడం తప్పు కాదు. కానీ వాళ్లు కొన్నది సొంత బండి. ఇప్పుడు డ్రైవర్‌కు చూపిస్తున్నది కౌలు బండి. ఈ రెండింటి నడుమ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉన్నది.

కౌలు రైతుకు అడిగి చూడండి

కౌలు అంటే ఏమిటో మన రైతుకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. వాన పడ్డా పడకపోయినా, పంట ఇంటికి వచ్చినా రాకపోయినా, పట్టాదారుకు కౌలు ముట్టాల్సిందే. బ్యాంకు అప్పు పట్టాదారుకు పుడుతుంది, మిత్తి అప్పు కౌలుదారుకు పుడుతుంది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు కూడా పైసలు పట్టాదారు ఖాతాలోనే పడ్డాయి గానీ దున్నినోని చేతిలో పడలేదు. చెమట ఒకనిది, పాసుబుక్కు ఒకనిది.

కౌలు లారీ కథ కూడా అదే. ఆర్‌సీ పుస్తకంలో పేరు కంపెనీది. కిస్తీ కట్టేది డ్రైవర్. డీజిల్ పోసేది డ్రైవర్. టైర్లు, టోలు, ఫాస్టాగ్, ఎఫ్‌సీ, రోడ్డు ట్యాక్స్, ఇన్సూరెన్సు అన్నీ డ్రైవర్‌వే. లోడు ఎప్పుడు ఇవ్వాలో, ఎంత కిరాయికి ఇవ్వాలో చెప్పేది మాత్రం కంపెనీ. బయటి బ్రోకర్ ఆఫీసులో నాలుగు పైసలు ఎక్కువ కిరాయి దొరికినా ఆ లోడు ఎత్తుకునే హక్కు లేదు. పోయిన కాడి నుంచి రిటర్న్ లోడు దొరకక ఖాళీగా వస్తే ఆ డీజిల్ నష్టం కంపెనీది కాదు.

జీతగానికి నష్టం రాదు, లాభం రాదు. ఓనర్‌కు లాభం వస్తుంది, నష్టం వస్తుంది. కౌలు లారీ డ్రైవర్‌కు నష్టం ఓనర్‌ది, అదుపు జీతగానిది. రెండు పద్ధతుల్లోని చెడు రెండూ ఒక్కని నెత్తి మీదనే పెట్టిన ఏర్పాటు ఇది. అందుకే సేట్లకు ఇంత ముద్దయింది.

కాగితం మీద లెక్క కడదాం

కోపంతో మాట్లాడితే సరిపోదు, లెక్క కడదాం. ఇవి లెక్క పద్ధతి తెలియడానికి మేం వేసుకున్న అంకెలు. మీ బండికి, మీ రూటుకు మీ అంకెలు వేసుకోండి, పద్ధతి మాత్రం మారదు.

నెలకు నాలుగు ట్రిప్పులు, ట్రిప్పుకు 75 వేల కిరాయి అనుకుందాం. నెలకు 3 లక్షలు. వినడానికి ఎంత బాగున్నది! ఈ అంకె చూపించే కంపెనీ డ్రైవర్ చేత సంతకం పెట్టించుకుంటుంది. ఇక ఖర్చు చూడండి. డీజిల్ లక్షన్నర. టోలు, దారి ఖర్చులు 25 వేలు. కంపెనీకి కట్టే నెల కిస్తీ 65 వేలు. టైర్లకు, రిపేర్లకు పక్కన పెట్టాల్సింది 20 వేలు. ఇన్సూరెన్సు, ట్యాక్సు, ఎఫ్‌సీ నెలకు పడే వంతు 10 వేలు. క్లీనర్ జీతం, ఇద్దరి తిండి 15 వేలు. మొత్తం 2 లక్షల 85 వేలు. మిగిలింది 15 వేలు. రాత్రింబవళ్లు తోలిన డ్రైవర్ కూలీ ఈ 15 వేలే. అంటే ఓనర్ పేరుతో దక్కిన లాభం సున్నా. జీతానికి ఉంటే అంతకన్నా ఎక్కువే వచ్చేదేమో!

ఇది నాలుగు ట్రిప్పులు దొరికిన మంచి నెల లెక్క. ఒక ట్రిప్పు తప్పిందనుకోండి. కిరాయి 2 లక్షల 25 వేలకు దిగుతుంది. డీజిల్ తగ్గుతుంది, టోలు తగ్గుతుంది, టైరు అరుగుదల కొంత తగ్గుతుంది. కిస్తీ మాత్రం పైసా తగ్గదు. డీజిల్ 1 లక్షా 12 వేల 500, టోలు 18 వేల 750, కిస్తీ 65 వేలు, టైర్లు 15 వేలు, ఇన్సూరెన్సు వగైరా 10 వేలు, క్లీనర్, తిండి 15 వేలు. మొత్తం 2 లక్షల 36 వేల 250. అంటే 11 వేల 250 రూపాయలు ఎదురు. నెలంతా కష్టపడి డ్రైవరే బాకీ పడ్డాడు.

ఇంకో తీరుగా చూడండి. ట్రిప్పులు తగ్గలేదు, డీజిల్ పెరిగింది. లీటరు 95 రూపాయలు అనుకుంటే లక్షన్నరకు వచ్చేది దగ్గర దగ్గర 1,580 లీటర్లు. లీటరుకు 5 రూపాయలు పెరిగితే నెలకు దాదాపు 8 వేలు. మిగులుతుందనుకున్న 15 వేలలో సగానికి పైగా ఆవిరి. డీజిల్ ధర మీద ప్రభుత్వ అదుపును 2014 అక్టోబర్‌లో ఎత్తేశారు. ధర పెరిగిన దినాన కిరాయి పెంచుమని కంపెనీని అడిగే బలం ఒంటరి కౌలు డ్రైవర్‌కు ఎక్కడిది?

గడిచిన ఏండ్లలో లారీ ధందా తిన్న దెబ్బలు ఒకసారి యాది చేసుకోండి. 2016 నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయినప్పుడు చేతిలో నగదు లేక రోడ్డు మీద బండ్లు నిలిచిపోయాయి. 2018 జులైలో కేంద్రం లోడు పరిమితి పెంచింది. పది టైర్ల లారీకి 25 టన్నులున్న మొత్తం బరువు పరిమితి 28.5 టన్నులైంది. ఉన్న బండ్లే ఎక్కువ సరుకు మోస్తే ఉన్న సరుకుకు తక్కువ బండ్లు చాలు, కిరాయి కిందికి దిగుతుంది. అదే నెల 20 నుంచి డీజిల్ ధర, టోలు, థర్డ్ పార్టీ ప్రీమియం మీద దేశమంతా లారీలు సమ్మె కట్టాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. 2022 జూన్ 1 నుంచి 20 టన్నుల పైన, 40 టన్నుల లోపు లారీకి థర్డ్ పార్టీ ప్రీమియమే 43,950 రూపాయలైంది. ఈ దెబ్బల్లో ఒక్కటి కూడా డ్రైవర్ చేసిన తప్పు వల్ల రాలేదు. కానీ కౌలు ఒప్పందం మీద సంతకం పెట్టిన దినం నుంచి ఇలాంటి దెబ్బలన్నీ డ్రైవర్ ఇంటి ముంగిట్లోకే వస్తాయి. సంతకం పెట్టించుకున్న కంపెనీ మాత్రం కిస్తీ వసూలు చేసుకుంటూ నీడన కూర్చుంటుంది.

ప్రమాదం జరిగితే ఎవరు దిక్కు?

అందరూ మరిచిపోయే సంగతి ఇదే. అందుకే కొంచెం నిదానంగా చదవమని కోరుతున్నాం.

జీతం డ్రైవర్ పనిలో ఉండగా ప్రమాదంలో చనిపోతే ఆ కుటుంబానికి నష్టపరిహారం ఇవ్వాల్సిన బాధ్యత యజమానిది. 1923 నాటి నష్టపరిహార చట్టం కాలం నుంచి ఉన్న హక్కు అది. ఆ చట్టం 2025 నవంబర్‌లో సామాజిక భద్రత కోడ్‌లో కలిసినా యజమాని బాధ్యత పోలేదు. ఓనర్ తన పాలసీలో జీతం డ్రైవర్‌కు కవరు పెట్టించి ఉంటే ఆ పైసలు ఇన్సూరెన్సు కంపెనీ కడుతుంది.

సొంత ఓనర్ తన బండి తనే తోలుతూ పోతే ఆ హక్కు ఉండదు. తనకు తనే యజమాని కదా! తన బండి పాలసీ కింద తను థర్డ్ పార్టీ కూడా కాడు. ఓనర్-డ్రైవర్ పేరు మీద వ్యక్తిగత ప్రమాద బీమా కట్టి ఉంటేనే ఏమైనా వస్తుంది. 2018లో ఆ బీమా కనీస మొత్తాన్ని 15 లక్షలకు పెంచారు.

మరి కౌలు లారీ డ్రైవర్ ఈ రెండింట్లో ఎవరు? కంపెనీ దృష్టిలో జీతగాడు కాడు, కాబట్టి "నువ్వు మా ఉద్యోగివి కాదు" అంటుంది. ఆర్‌సీలో పేరు లేదు, కాబట్టి ఓనర్-డ్రైవర్ బీమా కూడా అనుమానమే. పైగా 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2లో "ఓనర్" అన్న మాటకు ఇచ్చిన అర్థం చూడండి. లీజు ఒప్పందం కింద ఉన్న బండికి, ఆ ఒప్పందం ప్రకారం బండి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఓనర్ అని రాశారు. అంటే ఆ బండి కింద పడి ఎవరైనా చనిపోతే, ఇన్సూరెన్సు తేదీ దాటి ఉంటే, పరిహారం కట్టుమని కోర్టు కౌలు డ్రైవర్ వైపే చూడొచ్చు. హక్కు అడిగినప్పుడు ఓనర్ కాదు. బాధ్యత వచ్చినప్పుడు ఓనర్. ఇంతకన్నా అన్యాయం ఏమున్నది?

ఓవర్‌లోడ్ కథ కూడా ఇట్లాంటిదే. 2019 సవరణలో ఓవర్‌లోడ్‌కు 20 వేల జరిమానా, పైన ప్రతి టన్నుకు 2 వేలు అని రాశారు. జీతం డ్రైవర్ కనీసం "సేటు చెప్పిండు, ఎక్కిచ్చిన" అని అంటాడు. కౌలు డ్రైవర్ కిస్తీ భయంతో తనంతట తనే ఎక్కిస్తాడు. నిద్రమత్తు వచ్చినా కిస్తీ యాదికొచ్చి బండి ఆపడు. కొరడా పట్టుకున్న మేస్త్రీ అవసరం లేకుండా పనిచేయించుకునే పద్ధతి కిస్తీ. రోడ్డు మీద పోయే ప్రాణాలకు కూడా దీనితో సంబంధం ఉన్నది.

అమెరికా డ్రైవర్లు ముందే తిన్న దెబ్బ

ఈ కౌలు లారీ మన దేశంలో పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో దీన్ని లీజు-పర్చేజ్ అంటారు. అక్కడ 1980లో రవాణా రంగం మీద ప్రభుత్వ నియంత్రణ సడలించారు. కంపెనీల నడుమ పోటీ పెరిగింది, కిరాయిలు పడిపోయాయి, డ్రైవర్ల యూనియన్లు బలహీనపడ్డాయి. ఖర్చును డ్రైవర్ మీదికి నెట్టే దారిగా లీజు పెరిగింది. లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ ఓడరేవుల్లో 2008లో కాలుష్యం తగ్గించడానికి పాత ట్రక్కులు వద్దని నియమం పెట్టారు. మంచి నియమమే. కానీ కొత్త ట్రక్కుల ఖరీదును అక్కడి కంపెనీలు చాలా మటుకు లీజు కాగితాల మీద డ్రైవర్లకు అంటగట్టాయి. వారమంతా తోలినా కోతలు పోగా చేతికి ఏమీ రాని డ్రైవర్ల కథలు 2017లో అక్కడి పత్రికల్లో వచ్చాయి.

అట్లాంటి కోతలు భరించలేక డొమినిక్ ఒలివెరా అనే డ్రైవర్ న్యూ ప్రైమ్ కంపెనీ మీద కోర్టుకు పోయాడు. నువ్వు ఉద్యోగివి కాదు, స్వతంత్ర కాంట్రాక్టర్‌వి, కోర్టుకు కాదు మధ్యవర్తి దగ్గరికి పోవాలని కంపెనీ వాదించింది. 2019 జనవరి 15న ఆ దేశ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా డ్రైవర్ పక్షాన తీర్పు ఇచ్చింది. కాగితం మీద కాంట్రాక్టర్ అని రాసుకున్నంత మాత్రాన డ్రైవర్ కోర్టు తలుపు మూసుకుపోదని తేల్చింది. 2021 చట్టం ప్రకారం లీజుల సంగతి తేల్చడానికి అక్కడ ఒక ప్రభుత్వ కార్యదళం వేశారు. అది 2025 జనవరిలో నివేదిక ఇచ్చింది. కంపెనీ లీజు-పర్చేజ్ పథకాలను నిషేధించాలని సిఫారసు చేసింది. నలభై ఏండ్ల అనుభవం తర్వాత అంత పెద్ద దేశం చెప్పిన మాట అది. అక్కడ వద్దన్న సరుకును ఇక్కడ కొత్త మాల్ అని అమ్మితే మనం ఎందుకు కొనాలి?

జమానతు సంతకం పెట్టే సార్లకు

ఈ ముచ్చట డ్రైవర్లది కదా, మాకెందుకని ఉద్యోగ మిత్రులు పేజీ తిప్పొద్దు. ఊర్లో తమ్మునికో బామ్మర్దికో బండి ఇప్పించాలంటే జమానతుకు ఎవరు కావాలి? జీతం స్లిప్పు ఉన్న టీచర్ కావాలి. సింగరేణి కార్మికుడు కావాలి. ఆర్టీసీ కండక్టర్, కరెంటాఫీసు లైన్‌మన్ కావాలి. "ఏమున్నదన్నా, ఒక్క సంతకం" అంటారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరే తీరుగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నోని బాధ్యత ఎంతో జమానతుదారు బాధ్యత కూడా అంతే. అంటే ఫైనాన్స్ వాళ్లు ముందు డ్రైవర్‌ను అడగాలన్న నియమం కూడా లేదు, నేరుగా మీ దగ్గరికే రావొచ్చు. తమ్ముని బండి సీజ్ అయిన తర్వాత కూడా మిగిలిన బాకీ మీ జీతం మీదికి వస్తుంది. ఇద్దరన్నదమ్ముల నడుమ మాటలు బందయ్యేది అక్కడే. అక్క మొగుడు, బామ్మర్ది పండుగకు ఒక ఇంట్ల కలవనిది అక్కడే.

సీజింగ్ ముచ్చట వచ్చింది కాబట్టి ఒక మాట. రోడ్డు మీద బండికి అడ్డం పడి డ్రైవర్‌ను కొట్టి తాళాలు గుంజుకునే హక్కు ఎవరికీ లేదు. గూండాలను పెట్టి బండ్లు లాక్కోవడం చెల్లదని 2007లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అట్లా జరిగితే భయపడి ఊరుకోకుండా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి, కాపీ తీసుకోవాలి.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక పని చెబుతున్నాం. మీ నాయన, మీ మామ తోలే బండి మీదనే మీలో ఎంతోమంది చదువు సాగింది. ఆ ఒప్పంద పత్రం ఇంగ్లిషులో ఉంటుంది. మీ నాయనకు ఇంగ్లిషు రాదు, మీకు వచ్చు. సంతకం పెట్టక ముందు ఆ కాగితం ఇంటికి తెచ్చి, మొదటి అక్షరం నుంచి ఆఖరు దాకా తెలుగులో చదివి వినిపించండి. పది పేజీల కాగితం చదివి ఒక కుటుంబాన్ని కాపాడడం కన్నా పెద్ద ఉద్యమం ఏముంటుంది?

చదివేటప్పుడు అయిదు సంగతులు చూడండి. ఒకటి, ఆర్‌సీలో పేరు ఎవరిది. రెండు, కిస్తీలన్నీ కట్టినంక బండి పేరు మారుస్తామని, ఎన్‌ఓసీ ఇస్తామని తేదీతో సహా రాశారా లేదా. మూడు, నెలకు కనీసం ఎన్ని ట్రిప్పులు ఇస్తారో, ఇవ్వకపోతే ఆ నెల కిస్తీ సంగతి ఏమిటో రాశారా. నాలుగు, బయటి లోడు ఎత్తుకునే హక్కు ఉన్నదా. అయిదు, నడుమ బండి వాపసు ఇస్తే అప్పటిదాకా కట్టిన పైసల్లో ఎంత తిరిగి వస్తుంది. ఈ అయిదింటికి కాగితం మీద జవాబు లేకపోతే, సేటు నోటి మాట ఎంత తియ్యగా ఉన్నా సంతకం పెట్టొద్దు. అయిదో ప్రశ్నకు "ఏమీ రాదు" అని ఉంటే అది కొనుగోలు కాదు, ఉత్త అద్దె. అద్దెకు కొనుగోలు అని పేరు పెట్టి మోసం చేస్తున్నారన్న మాట.

మరి ఏం చేయాలె?

"అన్నీ వద్దంటరు, మరి ఏం చెయ్యమంటరు?" అని డ్రైవరన్న అడుగుతాడు. అడగాల్సిందే.

జీతానికి ఉన్నవాళ్లు జీతానికే ఉండండి, కానీ కాగితం మీద ఉండండి. నియామక పత్రం అడగండి. సంస్థలో 20 మంది దాటితే పీఎఫ్ అడగండి. బత్తా ఎంతో, హాల్టింగ్‌కు ఎంతో, టైరు పగిలితే ఎవరి ఖర్చో రాతలో తీసుకోండి. ఒక్కరు అడిగితే సేటు పనిలోంచి తీసేస్తాడు, అడ్డా మీదున్న అందరూ అడిగితే తీసేయలేడు.

సొంత బండి కొనే శక్తి ఉన్నవాళ్లు కొనండి, మేం వద్దనం. అయితే మీ పేరు మీదనే కొనండి. కిస్తీల అప్పు ఉన్నా సరే, ఆర్‌సీలో మీ పేరుండి, ఫైనాన్స్ వాళ్ల హెచ్‌పీ మాత్రమే ఉండాలి. మూడు నెలల కిస్తీకి సరిపడా పైసలు చేతిలో లేకుండా బండి దించొద్దు. లోడు ఎక్కడ దొరుకుతుందో తెలిసిన తర్వాతనే కొనండి, బండి కొన్న తర్వాత లోడు వెతుక్కోవద్దు. ఒక్కరి వల్ల కాకపోతే ఇద్దరు ముగ్గురు సోపతిగాళ్లు కలిసి కొనండి. ఒకరు ఇంటికి వస్తే ఇంకొకరు తోలుతారు, బండి ఆగదు, నడుము విరగదు.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి కూడా ఉన్నాయి. బండి కౌలు ఒప్పందాలు తెలుగులో ఉండాలి, ఆర్టీఏ ఆఫీసులో నమోదు కావాలి. కంపెనీ బండి కంపెనీ లోడుకే తోలేవాణ్ణి, కాగితం మీద పేరు ఏమున్నా, కార్మికుడిగానే లెక్కించాలి. బండి కౌలుకిచ్చే ప్రతి కంపెనీ ఆ డ్రైవర్‌కు ప్రమాద బీమా కట్టి తీరాలి. ఇవి ఆకాశంలో చుక్కలు తెమ్మని అడగడం కాదు, ఒక ఉత్తర్వుతో మొదలుపెట్టదగ్గ పనులు.

డ్రైవర్లు ఏకం కారు, ఎవని దారి వానిదే అని ఒక మాట ఉన్నది. అది నిజం కాదని 2024 జనవరి మొదటి వారంలో దేశం చూసింది. ప్రమాదం చేసి చెప్పకుండా పోయిన డ్రైవర్‌కు 10 ఏండ్ల దాకా జైలు అని భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో రాస్తే, డ్రైవర్లు స్టీరింగ్ వదిలి దిగిపోయారు. జనవరి 2న హైదరాబాద్ పెట్రోలు బంకుల కాడ ఎంత పొడుగు లైన్లు కట్టాయో నగరంలో ఉన్న ప్రతి ఉద్యోగికీ, విద్యార్థికీ యాదికి ఉంటుంది. సంప్రదించకుండా దాన్ని అమలు చేయబోమని కేంద్రం అదే రాత్రి మాట ఇచ్చింది. 2024 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. ఆ దినాన జీతం డ్రైవర్, సొంత ఓనర్, కౌలు డ్రైవర్ అని తేడా లేకుండా అందరూ కలిసి దిగారు కాబట్టే అది సాధ్యమైంది.

అందుకే మా మాట ఇది. జీతగాడు, ఓనరు, కౌలుదారు అని డ్రైవర్‌ను మూడు ముక్కలు చేసే కాగితాలను నమ్మొద్దు. నష్టం ఎవరి నెత్తిన పెడుతున్నారో చూడకుండా బండి తాళం చెవి అందుకోవద్దు. స్టీరింగ్ మన చేతిలో ఉన్నంత మాత్రాన బండి మనది కాదు. బండి మనదైన దినాన ఆర్‌సీలో మన పేరు ఉంటుంది, లోడు వద్దనే హక్కు మన నోట్లో ఉంటుంది. నిద్ర వచ్చినప్పుడు బండి పక్కకు ఆపుకునే ధైర్యం మన గుండెలో ఉంటుంది. ఈ మూడూ లేని బండిని సొంత బండి అని ఎవరైనా మీ ముందర పెడితే, తాళం చెవి వాళ్ల చేతిలోనే పెట్టి ఇంటికి రండి. ఇంట్లో పెండ్లాం పిల్లలకు కిస్తీల బండి కన్నా మీరే ఎక్కువ అవసరం.